ఆ పిల్లులు ఎవరివి?

మీ వీధిలో ఎవరో ఒకరు ఏదో ఒకనాడు మీ గుమ్మం ముందు నిలబడి పిల్లుల మీద ఫిర్యాదు చేస్తారు. ఇప్పటికే చేసి ఉంటే ఆ మాటలు మీకు కంఠతా వచ్చి ఉంటాయి. రాత్రంతా పిట్టగోడ మీద చంటిబిడ్డ ఏడ్చినట్లు ఏడుపులు. మొన్న కొన్న బండి సీటు చీరేశాయి. మేడ కట్టుకుందామని పోయించుకున్న ఇసుకంతా తవ్వి పాడుచేశాయి. వంటింటి కిటికీ తెరిస్తే పాలగిన్నె ఖాళీ. పూలకుండీల దగ్గరికి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాలి. ఇదంతా చెప్పి, వచ్చినవారు చివరికి అసలు ప్రశ్న వేస్తారు: "వీటికి తిండి పెడుతున్నది మీరేనటగా?" మన నోటికి అలవాటైన జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది: "అవేమన్నా మా పిల్లులా?"

వినడానికి న్యాయంగానే ఉంది. డబ్బిచ్చి కొనలేదు, ఇంట్లో పడుకోబెట్టలేదు, పేరైనా పెట్టలేదు. మిగిలిన అన్నంలో నాలుగు చేపముళ్ళు కలిపి గోడవార పెట్టాం, అంతే. కాని ఆ ఒక్క మాటతో మనం రెండు తలుపులు ఒకేసారి మూస్తున్నాం. బాధపడి వచ్చిన పొరుగువారి ముఖాన ఒకటి, మన చేతిముద్దకు అలవాటుపడిన నోరులేని జీవం ముఖాన ఒకటి. ఎవరిదీ కాని జీవికి ఎవరు బాధ్యులు? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇదే. వీధికుక్కల సంగతి వేరు. వాటి విషయంలో కోర్టులున్నాయి, మున్సిపాలిటీ బండ్లున్నాయి, పత్రికల్లో వార్తలున్నాయి. పిల్లి తగాదా వీధి మలుపు దాటదు. అందుకే అది ఇరుగుపొరుగుల మధ్యనే ముదిరి చేదెక్కుతుంది.

పవిత్ర గ్రంథంలో పిల్లి ఎక్కడుందో మీరెప్పుడైనా వెదికారా? సింహం ఉంది, గాడిద ఉంది, కుక్క ఉంది, కుందేలు కూడా ఉంది. పిల్లి మాత్రం ఒకే ఒక్కచోట కనిపిస్తుంది. బారూకు గ్రంథం 6వ అధ్యాయంలో బబులోను విగ్రహాల నిస్సహాయతను వర్ణిస్తూ, వాటి తలలమీద గబ్బిలాలు, పక్షులు వాలినట్లే పిల్లులు కూడా ఎక్కుతాయని చెప్పిన చోట. బారూకు మన కతోలిక బైబులులో ఉంది, ప్రొటెస్టెంటు సోదరుల బైబులులో లేదు. కనుక వారి బైబులులో పిల్లి అసలే లేదు! సరదాకి చెప్పాను, దీనిమీద ఎవరితోనూ వాదానికి దిగకండి.

పిల్లి అంతగా లేకపోయినా, జంతువు మూలంగా పొరుగువారితో వచ్చే చిక్కు మాత్రం ధర్మశాస్త్రంలో ఉంది. నిర్గమకాండము 23వ అధ్యాయం చూడండి. నిన్ను ద్వేషించేవాని గాడిద బరువుకింద కూలబడితే చూసీ చూడనట్లు పోరాదు, అతనికి తోడై లేపాలి అని అక్కడి ఆజ్ఞ. ఇందులో గాడిద లేవడం ఒక్కటే జరగదు. మాటలు లేని ఇద్దరు మనుషులు ఒకే తాడు పట్టుకోవలసి వస్తుంది. మూగజీవంపై దయ ఒకటి, పడనివానిపై దయ మరొకటి అని ఆ ఆజ్ఞ విడదీయలేదు. గాడిదకు యజమాని ఉన్నాడు, పిల్లికి ఎవరున్నారు అంటారేమో. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయానికి రండి. దారిలో కనిపించిన పిట్టగూటికి యజమాని లేడు. అయినా తల్లిని పిల్లలతో కలిపి పట్టుకోకూడదని అక్కడ హద్దు గీశారు. ఎవరిదీ కాదు గనుక ఏంచేసినా చెల్లుతుందన్న మాటకు ఆ గూటి దగ్గరే చోటు లేకుండా పోయింది.

మన ఊళ్ళలో పిల్లుల బెడదకు తాతలనాటి మందు ఒకటుంది. గోనెసంచి. పిల్లిని సంచిలో వేసి, మూతి కట్టి, కాలువ అవతలో చేపల మార్కెట్టు వెనకో వదిలి రావడం. చంపలేదు గదా, అక్కడ తిండి దొరుకుతుంది గదా అని మనసుకు సర్దిచెప్పుకుంటాం. పిల్లిని చంపితే బంగారుపిల్లిని దానమివ్వాలన్న పాత భయం మన ఇళ్ళలోనూ పూర్తిగా పోలేదు కాబోలు, చావు మన చేతిమీద పడకుండా మాత్రం చూసుకుంటాం. కాని పిల్లి మనిషికన్నా చోటును ఎక్కువగా అంటిపెట్టుకునే జీవి. తెలియనిచోట దింపితే అక్కడి పిల్లులు దాన్ని నిలవనివ్వవు. పాత చోటు వెతుక్కుంటూ రోడ్డున పడుతుంది. ఆకలితోనో, చక్రాల కిందనో ముగిసే ప్రయాణం అది. మరి ఖాళీ అయిన మన వీధి? చెత్తకుండీ తెరిచే ఉంది, ఎలుకలు ఉండనే ఉన్నాయి. కొన్నాళ్ళకు ఇంకో రెండు పిల్లులు వచ్చి చేరతాయి. సంచి మోసినవారికి మళ్ళీ పని. ఈలోగా మన బెడదను చెప్పాపెట్టకుండా ఇంకో వీధివారి నెత్తిన పెట్టి వచ్చాం. వారూ ఎవరికో పొరుగువారే గదా.

విషం సంగతి చెప్పడానికే మనసొప్పదు. అయినా చెప్పాలి, ఎందుకంటే అది జరుగుతోంది. 1960నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువుకు కావాలని హానికరమైన మందు పెట్టడం, ఆకలిదప్పులతో మాడేటట్లు వదిలివేయడం రెండూ నేరాలే. ఆ చట్టంలో తొలి తప్పుకు రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు, కనుక దానికి జడిసి మానేవారు తక్కువ. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షను మాత్రం జంతువును చంపినా, విషం పెట్టినా ఐదేళ్ళ వరకు జైలుశిక్షకు వీలు కల్పించింది. చట్టాన్ని అలా ఉంచి, తెలియక చేసే హత్యను గురించి ఒకమాట. పిల్లులు రాకూడదని ఫినాయిల్ చిక్కగా చల్లేవారున్నారు, మూలల్లో కలరా ఉండలు పోసేవారున్నారు. ఫినాయిల్‌లోని కొన్ని రసాయనాలను విరగగొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. తడినేల మీద నడిచి, తర్వాత కూర్చుని పాదాలు నాక్కుంటుంది. ఆపైన జరిగేది మన కళ్ళముందు జరగదు గనుక మనకు తెలియదు, అంతే.

ఇక ఫిర్యాదు చేసినవారి సంగతి. పిల్లుల్ని ప్రేమించేవారిలో చాలామందికి ఇక్కడే ఓర్పు తగ్గుతుంది. ఫిర్యాదు చేసినవారిని దయలేనివారి కింద జమకడతారు. అది అన్యాయం. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోవాల్సినవారు ఉంటారు. ఉబ్బసం ఉన్న పిల్లవాడి తల్లి ఉంటుంది. పిల్లివెంట్రుక కడుపులోకి పోతే రోగం వస్తుందని పెద్దలు అనేవారు. అసలు కారణం వెంట్రుక కాదు, పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక పదార్థం. వెంట్రుక దాన్ని మోసుకొస్తుంది. అంటే ఆ తల్లి భయం ఉత్తది కాదు. గర్భిణి ఉన్న ఇంటివారు పిల్లిమలం గురించి కంగారు పడితే నవ్వకండి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లిమలం ద్వారా వ్యాపించగలదు, కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అయితే విసర్జించిన వెంటనే అది అంటదు, దానికి ఒకటినుంచి ఐదురోజులు పడుతుంది. కనుక ఏరోజుకారోజు ఎత్తివేస్తే ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఆ ఎత్తే పని గర్భిణిది కాకూడదు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల వల్ల కూడా అదే రోగం వస్తుందని వారికి నెమ్మదిగా చెప్పవచ్చు. పిల్లి కరిచినా రక్కినా మాత్రం పసుపు అద్ది ఊరుకోవద్దు. సబ్బుతో, పారే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగాలి. పిల్లులకు తిండి పెట్టేవారే ఈ మాట అందరికన్నా ముందు చెప్పగలిగితే, వారి మాటకు వీధిలో విలువ పెరుగుతుంది.

కొన్ని ఫిర్యాదులలో పిల్లిది పేరు మాత్రమే. లోపల ఉన్నది వేరు. అద్దెకున్నవారు, ఒంటరిగా బతుకుతున్న ముసలావిడ, చేపలు వండుకునే ఇల్లు, వీరి గుమ్మం ముందరి పిల్లే ఎక్కువమంది కంటికి కనపడుతుంది. సొంత మేడ ఉన్నవారు పెంచే తెల్లని బొచ్చుపిల్లి గోడ దూకినా ఎవరూ సంఘం మీటింగు పెట్టరు. ఇల్లు అద్దెకిచ్చేముందు మీరేం తింటారు, మీరెవరు అని అడిగే వీధులు మన విచారణలలోని కుటుంబాలకు కొత్తకాదు. అందుచేత ఎవరైనా పిల్లుల పేరుతో ఒక ఇంటిని ఖాళీ చేయించాలంటూ సంతకాలు సేకరిస్తుంటే, సంతకం పెట్టేముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి రండి. వెళ్ళినవారికి తరచుగా కనిపించేది పిల్లులమీద పిచ్చి కాదు. రోజుకు ఒక్కసారైనా తన అడుగుల చప్పుడుకు పరుగెత్తి వచ్చే ప్రాణి ఒకటుందన్న ఊరట. దివ్యపూజ తర్వాత ఆవిడను పలకరించేవారు ఎంతమంది ఉన్నారో మీ విచారణలో మీరే లెక్కపెట్టుకోండి.

అయినంతమాత్రాన తిండి పెట్టేవారి బాధ్యత తగ్గదు. నా అభిప్రాయంలో భారమంతా వారిమీదే మొదలవుతుంది. ముద్ద పెట్టడం పావుగంట పని, పుణ్యం చేశామన్న తృప్తి వెంటనే దక్కుతుంది. దాని వెనకాల వచ్చే కంపు, గోల, కూనలు మాత్రం ఇతరుల వంతు కావడం దయ అనిపించుకోదు. గిన్నె పొద్దంతా వదిలేయకుండా ఒకే వేళకు పెట్టి, అరగంటలో తీసి కడిగేయాలి. పాలు పోయడం మానాలి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి, ఆ విరేచనాలే మరునాటి ఫిర్యాదు! పాలకు బదులు నీళ్ళు, ఉడికించిన చేపతలో కోడిముక్కో కలిపిన కొద్దిపాటి అన్నం చాలు. ఎవరూ తిరగని మూల ఒక తొట్టిలో ఇసుక పోసి, రోజూ శుభ్రం చేస్తే పక్కవారి పూలకుండీలు బతుకుతాయి. ఇల్లు కట్టుకుంటున్నవారి ఇసుకమీద టార్పాలిన్ కప్పడానికి మీరే ఒక చివర పట్టుకోండి. ఫిర్యాదు చేసినవారి వంటింటి కిటికీకి జాలీ వేయించే ఖర్చులో కొంత పెట్టుకుంటానని అని చూడండి. ఆ మాటకే సగం కోపం దిగుతుంది. 2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా వీధిజీవాలకు తిండిపెట్టే ఏర్పాటును నివాసుల సంఘం బాధ్యతగా చెబుతూ, ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా ఉండాలంటున్నాయి. వద్దనడానికి కాదు, ఎక్కడ, ఎన్నింటికి అని మాట్లాడుకోవడానికే సంఘాన్ని సమావేశపరచాలన్నమాట.

ఇవన్నీ చేసినా ఒకటి చేయకపోతే శ్రమంతా వృథా. పిల్లి రెండునెలలు మోసి మూడు నుంచి ఐదు కూనల్ని పెడుతుంది. ఏడాదికి రెండు మూడు ఈతలు. ఆ కూనల్లోని ఆడవి ఐదారు నెలలకే కట్టగలవు. రాత్రి ఏడుపులు, గండుపిల్లుల కొట్లాటలు, గోడలమీద చిమ్మే మూత్రపు కంపు చాలావరకు ఈ సంతాన వ్యవహారంలోనివే. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తే ఫిర్యాదుల్లో పెద్దభాగం దానంతటదే పోతుంది. రేబిస్ టీకా కూడా అప్పుడే వేయించవచ్చు. ఆపరేషను అయిన పిల్లి చెవికొన కొద్దిగా కత్తిరిస్తారు, రెండోసారి పట్టుకుపోకుండా అదే గుర్తు. దానిని తిరిగి అదే వీధిలో వదలాలి. అది ఉన్నచోటికి కొత్తవి అంత తేలికగా చేరవు. హైదరాబాదులో 1992 నుంచి బ్లూక్రాస్, విశాఖపట్నంలో 1996 నుంచి విశాఖ జంతు సంరక్షణ సంఘం జంతు సేవలో ఉన్నాయి. చిన్న ఊళ్ళవారు ముందు ప్రభుత్వ పశువైద్యుణ్ణి అడగాలి. ఆవులు గేదెల పనే ఎక్కువగా చూసే ఆయన, పిల్లి ఆపరేషను ఎక్కడ చేస్తారో దారి చూపగలరు.

కతోలికులం, ఇలాంటి ఆపరేషను చేయించవచ్చా అని కొందరు నిజాయితీగానే అడుగుతారు. మనుషుల విషయంలో శ్రీసభ బోధ వివాహబంధంలోని స్త్రీపురుషుల వ్యక్తిత్వం, వారి ప్రేమ మీద ఆధారపడింది. దాన్ని జంతువులకు అన్వయించడం పొరపాటు. జంతువులు మన సంరక్షణకు అప్పగింపబడినవి, ఇది ఆ సంరక్షణకు చెందిన నిర్ణయం. అలాగని ఇది ఏమీకాని పని అని కూడా అనను. మన నిద్రకోసం, మన పూలకుండీలకోసం ఒక ప్రాణి శరీరాన్ని కోస్తున్నాం. రెండోవైపు త్రాసులో పెట్టవలసినవి, కళ్ళు తెరవకముందే చలికీ కుక్కలకూ బలయ్యే కూనలు. వీధిలో పుట్టినవాటిలో చాలావరకు ఆరునెలలు చూడవు. రెండింటినీ తూచినప్పుడు నాకు ఆపరేషనే దయగా తోస్తుంది.

ఫిర్యాదు వినడంలో మనకు ఆదర్శంగా నిలిచే పునీతుడు ఒకరున్నారు. పెరూ దేశం, లీమా నగరానికి చెందిన పునీత మార్టిన్ ది పోరస్, 1579లో జన్మించి 1639లో మరణించారు. తండ్రి స్పెయిను దేశస్థుడు, తల్లి బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీ. ఆ పుట్టుక కారణంగానే దోమినికన్ మఠంలో ఆయనను మొదట సేవకుని స్థానంలోనే ఉంచారు. చేతిలో చీపురు, కాళ్ళదగ్గర ఒకే పళ్ళెంలో తింటున్న కుక్క, పిల్లి, ఎలుక, ఇదీ ఆయన చిత్రపటం. మఠంలో గుడ్డలన్నీ ఎలుకలు కొరికేస్తున్నాయని సోదరులు మొరపెట్టుకున్నారట. సంప్రదాయ కథ ప్రకారం మార్టిన్ ఆ మొరను కొట్టిపారేయలేదు, విషమూ పెట్టలేదు. ఒక ఎలుకను పట్టి, మీరంతా తోటలోకి వెళ్ళిపోతే రోజూ అక్కడికే తిండి తెచ్చిపెడతానని మాట ఇచ్చి వదిలారట. కథలోని అద్భుతాన్ని ఎలా తీసుకుంటారో మీ ఇష్టం. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి భాగం. రోజూ తోటలోకి పళ్ళెం మోసే పనిని ఆయన తనమీదనే వేసుకున్నారు. 1962లో ఇరవైమూడవ జాన్ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. నవంబరు 3న ఆయన పండుగ.

మనుషులకే గతిలేదు, పిల్లులకు ఖర్చా అనే మాట కూడా ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1992లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు ప్రకటించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, జంతువులను అనవసరంగా బాధించడం, చంపడం మానవ గౌరవానికి తగదని చెబుతూనే, మనుషుల కష్టం తీర్చడానికి ముందుగా వాడవలసిన డబ్బును వాటిమీద వెచ్చించడం కూడా తగదంటుంది. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ'లో, తోటి జీవాలపట్ల క్రూరత్వం ఏదో ఒకనాటికి మనుషులపట్ల మన నడతలోనూ బయటపడుతుందని హెచ్చరించారు. రెండు మాటలూ మనవే. పనిమనిషి జీతం బాకీపెట్టి పిల్లికి పొట్లాల మేత కొనేవారికి మొదటి మాట తగలాలి. చేపతలలు పారేయకుండా గోడవార పెట్టే ముసలావిడకు అది తగలదు, ఆవిడ ఏ బీదవాని నోటిదగ్గర కూడూ తీయలేదు. ఆపరేషను ఖర్చు ఆవిడ ఒక్కతే భరించలేదు నిజమే. పది ఇళ్ళవారు పంచుకుంటే ఒక్కో ఇంటికి అది పెద్ద బరువు కాదు. ఫిర్యాదు చేసిన ఇంటిని కూడా ఆ పదింటిలో కలుపుకోండి. బలవంతపెట్టి కాదు, "మీరు చెప్పబట్టే ఈ పని మొదలుపెట్టాం పిన్నిగారూ" అని చెప్పి.

ఒక్క చిక్కు మిగిలింది. అన్నిటికన్నా తొందరపెట్టే ఫిర్యాదు, అటకమీదనో మెట్లకిందనో ఈనిన పిల్లిది. ఈరోజే తీసేయాలంటారు. తల్లిని పట్టుకుపోతే కూనలు చస్తాయి, కూనల్ని తీసేస్తే తల్లి రాత్రంతా వీధంతా తిరిగి ఏడుస్తుంది. కూనలు పాలు మానేసరికి దాదాపు ఎనిమిది వారాలు పడుతుంది. అప్పుడు తల్లికి ఆపరేషను చేయించి, కూనలకు ఇళ్ళు వెతకవచ్చు. ఎనిమిది వారాలు అంటే విన్నవారికి ఎంతో దూరంగా ఉంటుంది. కనుక వారాలు చెప్పకండి, తేదీ చెప్పండి. ఆ ఇంటికి వెళ్ళి, గోడకు వేలాడే కేలండరులో ఆ తేదీచుట్టూ వారిచేతనే సున్నా చుట్టించండి. ఆ రోజు ఉదయాన్నే బుట్ట పట్టుకుని, వారు కబురు పెట్టకముందే మీరు ఆ గుమ్మంలో ఉండండి.